ప్రార్థన వెనక కీబోర్డు

మా ఉయ్యూరు చర్చిలో పాస్టర్ గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ వెనక కీబోర్డు మెల్లగా మోగుతూ ఉండాలి. ఆయన గొంతు పెంచితే నేనూ పెంచాలి, తగ్గిస్తే నేనూ తగ్గించాలి. ఏడో తరగతి నుంచీ ఆ పని నాదే. సండే స్కూలు పిల్లలకు పాట నేర్పమంటే మాత్రం మళ్లీ మళ్లీ పాడించడం తప్ప నాకేమీ తెలియదు.

సంగీతం నేర్పడం నేర్పే కోర్సులో షిల్లాంగ్‌లో సీటొచ్చింది. నాన్న మొహం మాడ్చుకున్నాడు.

"ఇక్కడే దగ్గర్లో, పటమటలో మీ అత్తావాళ్లింట్లో ఉండి బీకాం చదవొచ్చుగా?"

షిల్లాంగే వెళ్తానన్నాను. ఆ తర్వాత ఆయన బీకాం మాటెత్తలేదు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఈ ఆదివారం పాస్టర్ గారు అందరినీ కళ్లు మూసుకోమన్నారు. నేను వాయించడం మొదలుపెట్టాను.

"తండ్రీ, మా సహోదరుడు యేసుబాబు కుమార్తె కెజియా మనసు మార్చు. ఆ దూరదేశపు ఆలోచన తీసివేయి."

చర్చంతా ఆమెన్ అంది. నాన్నే అడిగి చేయించాడని అర్థమై ఒళ్లు మండిపోయింది. వాయించడం ఆపేద్దామనుకున్నాను. కానీ పాస్టర్ గారు గొంతు పెంచగానే అలవాటుకొద్దీ నా వేళ్లూ పెంచేశాయి. నన్ను వెళ్లనివ్వొద్దని చేస్తున్న ప్రార్థనకి చివరి ఆమెన్ దాకా నేనే వాయించాను. వెనక వరసల్లో ఎవరో ఏడ్చారు కూడా.

బయట చెప్పులేసుకుంటుంటే నాన్న దగ్గరికొచ్చాడు. ఆయన కళ్లింకా తడిగానే ఉన్నాయి.

"ఇవాళ ఎంత బాగా వాయించావమ్మా," అన్నాడు. "ఇంక అంతదూరం పోయి నేర్చుకునేదేముంది?"