వంటవాడి రెండు పూటలు

పదేళ్ళుగా కరీంనగర్ అంజుమన్ వారి అనాథాశ్రమం, యతీంఖానాలో తిని చదువుకుంటున్న ఇలియాస్ తండ్రి అసలు చనిపోనేలేదని భైంసా నుంచి వచ్చిన కార్డులో ఉంది.

సెక్రటరీ వహీదుద్దీన్ ఆ కార్డు పట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చాడు. వంటవాడు మౌలా అప్పుడే ఎసట్లో బియ్యం పోసి, దేగిసా మూత చుట్టూ తడిబట్ట కడుతున్నాడు. ఎముకల మీద చర్మం కప్పినట్టుండే మనిషి. పొగకు ఎర్రబారిన కళ్ళు, మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఎడమచేయి ఎప్పుడూ పొట్ట మీద ఉంటుంది, అక్కడేదో దాచిపెట్టుకున్నట్టు.

"మౌలా, ఇలియాస్ గాన్ని తెచ్చింది నువ్వే గదా?"

"అవ్ సాబ్."

"వాని తండ్రి బురాన్ కలరా వచ్చి తొవ్వల సచ్చిండు, నేనే మట్టిల పెట్టిన అన్నవ్."

"అవ్ సాబ్, నేనే అన్న."

"అయితే ఇను."

మెట్రిక్ పరీక్ష ఫారంలో తండ్రి చనిపోయిన తేదీ రాయాలి. రాస్తే యతీం పిల్లవాడికి ఫీజు ఉండదు. ఆ తేదీ కోసం వహీదుద్దీన్ భైంసాలో బురాన్ పనిచేసిన జిన్నింగు మిల్లుకు ఉత్తరం రాశాడు. అక్కడ లెక్కలు రాసే మున్షీ జవాబు ఇచ్చాడు. భార్య పోయిన నెలకు బురాన్ కొడుకును భుజాన వేసుకుని కరీంనగర్ బస్సెక్కాడట. ఏడాది తర్వాత ఇల్లు ఖాళీ చేయడానికి ఒక్కడే వచ్చాడట. మున్షీకి సలాం కూడా చేశాడట.

"మట్టిల పెట్టినోడు సలాం ఎట్ల కొడ్తడు మౌలా?"

మౌలా పొయ్యిలో కట్టె వెనక్కి లాగాడు. "మున్షీ ముసలోడు సాబ్. ఇంకెవన్నో సూసి ఉంటడు."

వహీదుద్దీన్ చెడ్డవాడు కాదు. అంజుమన్ బడిలో నేతవాళ్ళ పిల్లల్నీ, మిషన్ కాంపౌండు పిల్లల్నీ కూర్చోబెట్టుకున్నది ఆయనే. చదువు ఎవరికైనా చెప్తాడు. కానీ యతీంఖానా పళ్ళెం మాత్రం తండ్రి లేని పిల్లలకే. తల్లి పోయినవాడు యతీం కాడు, తండ్రి పోయినవాడే యతీం. ఊరి ముస్లిం ఇళ్ళు ఏటేటా జకాత్ దానం ఇచ్చేది, దుకాణాల వాళ్ళు బియ్యం పంపేది ఆ ఇరవై రెండు పళ్ళేల కోసమే. యతీము సొత్తు తిన్నవాడి కడుపులో నిప్పు పడుతుందని ఆయన నమ్మకం.

"ఎల్లుండి ఫారాలకు ఆఖరు తారీకు" అన్నాడు. "నేను అబద్ధం మీద దస్కత్ పెట్ట. ఇయ్యాల పగటి జొహర్ నమాజుకు మసీదుకు రా. బురాన్‌ను మట్టిల పెట్టిన్నని అందరి ముంగట అల్లా మీద కసం తిను, ఫారం పంపుత. తినకపోతే పోరన్ని సామాన్ సర్దుకొమ్మను. వాని జాగల తాండూరు పోరడు వస్తడు, తండ్రి బొగ్గుబాయిల పడి సచ్చిండు. ఆర్నెల్ల సంది ఎదురుసూస్తుండు."

మౌలా తల ఊపాడు. ఆయన చెప్పులు గడప దాటాక మూతకు చుట్టిన బట్టను విప్పి మళ్ళీ చుట్టాడు.

పది గంటలకు కూరగాయల ఐలవ్వ వెనక తలుపు దగ్గర గంప దించింది. వారానికి ఆరు రోజులు ఆమె ఇంటి కట్టెలు కొట్టిపెడతాడు మౌలా. అందుకు ఆమె రోజుకో జొన్నరొట్టె తెస్తుంది. ఇరవై రెండు మందికి వండిపెట్టేవాడు రొట్టెకోసం గొడ్డలి పట్టుకోవడం ఆమెకు పదేళ్ళుగా అర్థం కాలేదు.

"ఏం మౌలన్నా, నీ కూర నీకే రుచిస్తలేదా? వంటోని ఒంటికి బొక్కలేనా?"

"నీ రొట్టె తిని గిట్లయిన ఐలవ్వా."

"నా రొట్టెకు పేర్లు వెట్టకు! గిదే తిని నా పెనిమిటి దున్నపోతు లెక్క బలిసిండు." నవ్వుతూనే అతని ముఖం చూసి ఆగింది. "పెదవులు తెల్లగయినయ్ గదనే. దవాఖానకు పోరాదు?"

"పోత. జర పనైనంక."

రొట్టెను ముక్కలు చేసి నీళ్ళలో నానబెట్టాడు. ఈ మధ్య గట్టిది దిగడం లేదు. రెండు ముక్కలు మింగి, మిగిలింది కోళ్ళకు వేశాడు.

పదకొండింటికి పిల్లలు వరుసగా కూర్చున్నారు. మౌలా గంటెతో అన్నం పెట్టుకుంటూ వచ్చాడు. ఎవరికీ ఎక్కువా తక్కువా ఉండదు. ఇలియాస్ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం గంటె ఎప్పుడూ కొంచెం ఒరిగి నాలుగు మెతుకులు వెనక్కి పడేవి. పిల్లలు అది కనిపెట్టారు. మౌలా చాచాకు ఇలియాస్ అంటే గిట్టదని చెప్పుకునేవారు.

ఇలియాస్‌కు పదిహేను దాటాయి. మూతిమీద నూగు వస్తోంది. లెక్కల్లో బడి మొత్తానికి మొదటివాడు. ఆ రోజు పళ్ళెం ముట్టలేదు.

"చాచా, మా అబ్బా బతికే ఉన్నడంట."

మౌలా పప్పు గిన్నె కోసం వంగాడు.

"బతికుంటే ఒక్కసారన్న రావద్దా? పండుగకన్న రావద్దా? గిప్పుడొస్తే నేను మొకం సూడ."

"పప్పు ఏసుకో."

"నువ్వు మట్టిల పెట్టిన్నన్నవు గదా. సూసినవా, లేదా?"

"ఏసుకో బిడ్డా, సల్లగయితది" అని మౌలా పక్క పళ్ళేనికి జరిగాడు.

అందరూ లేచాక మౌలా పళ్ళేలు తోమాడు. దేగిసా బూడిదతో రుద్ది బోర్లించాడు. రాత్రి వంటకు పప్పు ఏరి నానబోశాడు. ఉతికిన లాల్చీ తొడుక్కుని మసీదుకు బయలుదేరాడు. నాలుగు వందల అడుగులు కూడా లేని దారిలో మూడుసార్లు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

మసీదు లోపల వహీదుద్దీన్, అంజుమన్ పెద్దలు నలుగురు ఎదురుచూస్తున్నారు. మౌలా హౌజు నీళ్ళ తొట్టి దగ్గర, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు కూర్చున్నాడు. చేతులు కడిగాడు, నోరు పుక్కిలించాడు. రెండోసారి పుక్కిలించి ఉమ్మినప్పుడు నల్లటి నెత్తురు పడింది. దాన్ని దోసిలితో నీళ్ళు చల్లి కడగబోయాడు. కడుగుతూనే పక్కకు ఒరిగిపోయాడు.

రిక్షాలో దవాఖానకు తీసుకుపోయారు. నర్సు సంతోషమ్మ అతని లాల్చీ విప్పి, వెన్నుకు అంటుకున్న పొట్టను చూసి వహీదుద్దీన్ మీద విరుచుకుపడింది.

"మీ వంటోనికి బువ్వ పెట్టరా సాబ్? ఇది ఒక్కనాటి రోగం గాదు. కడుపుల పుండు పలిగింది. ఏండ్ల సంది పస్తులున్నడు గీయన."

"వంటోనికి రెండు పూటలు మొదటి సంది ఉన్నయమ్మా" అన్నాడు వహీదుద్దీన్. ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

మంచం మీద మౌలా కళ్ళు తెరిచాడు. సెక్రటరీ సాబ్‌తో ఒక్కడితోనే మాట్లాడాలన్నాడు. సంతోషమ్మ తెర లాగి బయటికి పోయింది.

సాయంత్రం అసర్ నమాజు వేళకు మౌలా పోయాడు. అరవడం, పెనుగులాడటం లేదు. పొట్టమీది చేయి మాత్రం జారి మంచం పట్టీ మీద పడింది.

మర్నాడు పొద్దున ఖబరస్తాన్‌లో, తొలి మూడు పిడికెళ్ళ మట్టి వేయడానికి వహీదుద్దీన్ ఇలియాస్‌ను ముందుకు పిలిచాడు. అది వారసుడు వేసే మట్టి. "నేనెందుకు సాబ్?" అన్నాడు ఇలియాస్. ఆయన ఆ పిల్లవాడి భుజం మీద చేయి వేసి చెవిలో రెండు మాటలు చెప్పాడు. ఇలియాస్ మట్టి వేయలేదు. పిడికిలి మూసుకుని అలాగే నిలబడిపోయాడు. చివరికి ఆయనే ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది.

తిరిగి వచ్చి ఫారం నింపాడు. తండ్రి పేరు షేక్ బురాన్ అని రాశాడు. చనిపోయిన తేదీ దగ్గర ముందటి రోజు తేదీ వేసి దస్తఖతు చేశాడు. కలం మూత పెట్టాక కూడా దవాఖానలో తెర వెనక విన్న మాటలు ఆయన చెవుల్లోంచి పోలేదు.

"బురాన్ సావలే సాబ్. నేనే బురాన్ను. మీరు నన్ను గుర్తువట్టలే. భార్య పోయిన నెలకు ఐదేండ్ల పోరన్ని ఎత్తుకొని మీ కాడికే వచ్చిన. గప్పుడు నాకు గడ్డముండె. తల్లి పోతే యతీం గాడు, తండ్రివి నువ్వున్నవ్ గద అని మీరే తిప్పి పంపిండ్రు. తప్పనలే సాబ్, కానూన్ గట్లనే ఉన్నది. తొవ్వల కూసొని ఆలోచన చేసిన. నేను సస్తే వానికి బువ్వున్నది, బడున్నది. బతికుంటే ఏం లేదు. గందుకే సచ్చిన. గడ్డం తీసిన, పేరు మార్చిన, వాన్ని తెచ్చి మీ వంటింట్ల కుదిరిన. వాడు వేరేటోని ముద్ద తినలే సాబ్, గది నమ్ముండ్రి. వంటోనికి రెండు పూటలు ఇచ్చిండ్రు గద, గా రెండు పూటలే వాడు తిన్నడు. మీ పొయ్యి మీది మెతుకు నేను ముట్టలే. వాని పళ్ళెంల నాలుగు మెతుకులు తక్కువనే పెట్టిన. కసం తింటందుకే మసీదుకొచ్చిన, అబద్ధమే చెప్దామనుకున్న. అల్లా తిననియ్యలే. జర పొద్దుగూకేదాక ఆగుండ్రి సాబ్, మీ ఫారం నిజమైతది. ఒక్కటే నన్ను తింటున్నది. ఈడికి తెచ్చేముంగట నిర్మల్ల చెట్ల కింద ఉన్నం ఇద్దరం. అబ్బా అని పిల్సినప్పుడల్లా మూతి మీద కొట్టిన, చాచా అనుమని. నెల పడ్తదనుకున్న సాబ్. వాడు తెలివిగల్లోడు. నాలుగు దినాలల్లనే నేర్సుకున్నడు."