నీళ్ళకు రంగివ్వని బిళ్ళ

నేను ఒక పర్మాంగనేట్ బిళ్ళను. రూపాయి బిళ్ళంత ఉంటాను. ఇప్పుడు నన్ను చూస్తే నమ్మరు గానీ, ఒకప్పుడు నాలోంచి ఒక్క పలుకు వేస్తే బకెట్టెడు నీళ్ళు గులాబీ రంగు తిరిగేవి.

విజయనగరం వైపు ఒక గనిలో నల్లరాయిగా పుట్టాను. బట్టీలో కాలి, క్షారంలో ఉడికి, నలుపనిపించేంత ముదురు ఊదా స్ఫటికాలనయ్యాను. నాలోని ప్రతి మాంగనీసు పరమాణువునూ నాలుగు ఆక్సిజన్‌లు చుట్టుముట్టి, దాని ఎలక్ట్రాన్లను తమవైపు గుంజుకుంటాయి. దోపిడీ జరిగిందని ఏడవాలి కదా? నాకేమో పొగరు! ఆ పొగరే నా రంగు. అలా మిడిసిపడుతూ సీసాలో కూర్చుని విశాఖలో ఒక భౌతికశాస్త్ర ప్రయోగశాలకు చేరాను.

అక్కడ నా యజమానురాలు వరహాలమ్మ, పరిశోధన విద్యార్థిని. లోహం ఏ సమ్మేళనంలో ఉందో దాన్ని బట్టి అది విడిచే ఎక్స్‌రేలు మారతాయని ఆమె చూపించాలి. ఇందులో ఉన్న తమాషా నేను చెబుతాను. పరమాణువు ఒక మేడ అనుకోండి. బయటి నుంచి కిరణం వచ్చి కింది అంతస్తులోని ఎలక్ట్రాన్‌ను ఒక్క తన్ను తంతుంది. గది ఖాళీ అయిందని తెలియగానే పైనుంచి ఇంకొకటి దూకుతుంది. దూకినప్పుడల్లా ఒక ఎక్స్‌రే మెరుపు! రెండో అంతస్తు నుంచి వంద దూకితే, మూడో అంతస్తు నుంచి పదమూడో పద్నాలుగో దూకుతాయి. పైకప్పు దగ్గర ఆక్సిజన్ల దోపిడీ పెరిగినకొద్దీ మూడో అంతస్తు వాటా కాస్త పెరుగుతుంది. రెండే ఆక్సిజన్లున్న గోధుమ నలుపు మాంగనీసు డయాక్సైడ్‌లో వందకు పదమూడున్నర అయితే, నాలో పద్నాలుగున్నర రావాలి. ఆ ఒక్క అంకె కోసం వరహాలమ్మ నాలుగేళ్ళు కూర్చుంది. మనుషుల ఓపిక చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది.

పొడి విడిపోకుండా బిళ్ళగా నిలబడాలని, మిగతా సమ్మేళనాల పొడులన్నిటిలో కలిపినట్టే నాలోనూ చిటికెడు గంజిపొడి కలిపి నూరింది. అబ్బ, ఎంత చక్కిలిగింతో! ఎక్స్‌రేలను లెక్కబెట్టే డిటెక్టర్‌ను చల్లబరిచే ద్రవ నైట్రోజన్ రావడానికి పన్నెండు రోజులు పట్టింది. బయట వానలు, లోపల చెమ్మ. గంజిపొడి మెల్లగా ఒక ఆక్సిజన్ అడిగింది. ఇచ్చాను. ఇంకొకటి అడిగింది. అదీ ఇచ్చాను. ఇస్తుంటే ఒళ్ళు తేలికై, పోయిన ఎలక్ట్రాన్లు ఇంటికి తిరిగొస్తుంటే పండగలా ఉంది! పైకి ఎప్పటిలా నల్లగానే ఉన్నాను కనుక నా మార్పు ఎవరికీ తెలియలేదు.

నన్ను యంత్రం ముందు పెట్టారు. హాయిగా మెరిశాను. పదమూడున్నర వచ్చింది.

గైడు దాలినాయుడుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "యంత్రం బాగానే ఉందమ్మా. మన అంచనాయే తప్పేమో. ఉన్న నైట్రోజన్ రేపు సాయంత్రం దాకా సరిపోతుంది. ఈలోగా అంకె కదలకపోతే ఈ అధ్యాయం తీసెయ్యాలి."

"అది తీసేస్తే థీసిస్‌లో ఇంకేముంది, సార్? నెలాఖరుకి నా ఫెలోషిప్ అయిపోతుంది."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ అంకె వైపు వంగారు.

మర్నాడు పొద్దున్న, ల్యాబు కడిగే ఎర్నమ్మ నన్ను చేతిలోకి తీసుకుని, నేనున్న గిన్నెను పంపు కింద పెట్టింది. నా అంచు నుంచి ఒక పలుకు రాలి నీళ్ళలో పడింది.

"వరాలమ్మా, ఇదేటి? మీ ఎర్రమందేనా?"

"అదే, ఎర్నమ్మత్తా. నా మాట వినట్లేదు."

"ఇనడానికి పేనముంటే కదా! మా గేదె గిట్ట పుండు కడగడానికి ఒక్క పలుకేస్తే గోలెం గోలెమంతా గులాబీ అయిపోద్ది. ఇది సూడు, బురదనీల్లలాగున్నాది. సచ్చిపోయిన మందు నీకంటగట్టీసినారు!"

వరహాలమ్మ గిన్నెలోకి చూసింది. పరుగున వెళ్ళి సీసాలోంచి ఒక స్ఫటికం తెచ్చి వేరే గ్లాసులో వేసింది. గులాబీ! ఆమె పడీపడీ నవ్వింది.

"గంజిపొడి! ఆక్సిజనంతా గంజిపొడి తినేసింది, అత్తా!"

"గంజి మనం తాగుతాం గానీ, అది తినడమేటి తల్లీ?" అంటూ ఎర్నమ్మ నన్ను చెత్తబుట్టలో పడేసింది.

వరహాలమ్మ ఈసారి గంజిపొడి లేకుండా కొత్త బిళ్ళ నొక్కింది. రెండుసార్లు విరిగింది. మూడోది నిలబడింది. నైట్రోజన్ అడుగంటే వేళకు అంకె వచ్చింది: పద్నాలుగున్నర!

దాలినాయుడుగారు కాగితాన్ని చాలాసేపు చూసి అడిగారు. "ఆ పాత బిళ్ళ ఏదమ్మా? అదే సీసా, అదే లోహం, అదే యంత్రం. మారింది దాని రసాయన స్థితి ఒక్కటే. ఇంతకన్నా రుజువు ఎక్కడ దొరుకుతుంది?"

ఇద్దరూ చెత్తబుట్ట మీదకు వంగారు. ఇంత చదువుకున్న ఇద్దరు నా కోసం బుట్టలో చేతులు పెట్టడం చూసి నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. టీ ఆకుల కింద దొరికాను.

వైవా రోజున పరీక్షకుడు "బిళ్ళ మారిందని ఎలా తెలిసింది?" అన్నాడు. వరహాలమ్మ ఎర్నమ్మను లోపలికి పిలిచింది. ఎర్నమ్మ రెండు గ్లాసుల నీళ్ళు బల్లమీద పెట్టి, ఒక దాంట్లో కొత్త బిళ్ళ పలుకూ, రెండో దాంట్లో నా పలుకూ వేసింది. ఒక గ్లాసు గులాబీ పూసింది. ఇంకొకటి బురదైంది.

ఆ బురద నేనే. నాకేం సిగ్గు లేదు. అడిగిన రోజున నేను ఎలా ఉన్నానో అలాగే మెరిశాను.

"ఇంతేనండి, బాబూ," అంది ఎర్నమ్మ పరీక్షకుడితో. "మా గేదెకీ తెలుసును."