మెర్వ్ దాకా కుట్టిన పుస్తకం

జమాలుద్దీన్ సూదిని ఎన్నడూ పుస్తకంలో వదలడు. టీకి లేచినా దారం ఊడదీసి, సూదిని చొక్కా కాలరుకు గుచ్చుకుంటాడు. ఆ రోజు పొద్దుటినుంచి ఆరుసార్లు అలా లేచాడు. వీధిలో బండి తలుపు పడినప్పుడల్లా కొట్టు ముందరి అద్దం దాకా వెళ్లి చూసి వచ్చాడు.

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఆ జిరాక్స్ కొట్టు వెనకగదిలో పంతొమ్మిదేళ్లుగా పుస్తకాలు కుడుతున్నాడు. బంక ఎండీ ఎండీ వేళ్ల కొసలు గాజుపెంకుల్లా మెరుస్తాయి. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులో మాత్రం అతను గొర్రెల కాపరి. ఆ వీసా మీదే వచ్చాడు, తెప్పించుకున్న యజమాని, ఆ కఫీల్, దాన్ని మార్పించలేదు. కార్డులో ఒక పని, చేతిలో మరో పని ఉన్నవాడు దొరికితే ఇంటికి పంపేస్తారు, మళ్లీ రానివ్వరు. తనిఖీవాళ్లు నిన్న పక్కవీధి దాకా వచ్చారు.

ఒళ్లో ఉన్నది ఇస్మత్ సార్ కుట్టమని ఇచ్చిన పుస్తకం, ఉర్దూలో ఇరాన్ తూర్పువైపు ఖురాసాన్ చరిత్ర. ఆయన పాకిస్తానీ పిల్లలకు పాఠాలు చెబుతాడు. ఖురాసాన్ అంటే సూర్యుడు వచ్చే చోటని ఆయనే చెప్పాడు. అంతకుముందు జమాలుద్దీన్‌కు తెలిసిందల్లా పంటినొప్పికి అమ్మ ప్రొద్దుటూరు అంగట్లో తెప్పించిన ఖురాసాని వాము.

నైషాపూర్ ఊరి కథ ఉన్న కాగితాలు కుట్టడం అయింది. ఇప్పుడు చేతిలోది మెర్వ్. కుడుతూనే చదివాడు. మంగోలులు అభయమిచ్చి ఊరి జనాన్ని కోట బయటికి రప్పించారు. చేతిపని తెలిసిన నాలుగువందల మందిని పక్కకు తీశారు. తక్కినవాళ్లను చంపేశారు. ఆ నాలుగువందల్లో పుస్తకాలు కుట్టేవాళ్లున్నారా అని ఫోనులో సార్‌ను అడిగితే, రాసి లేదన్నాడు.

కొట్లో జిరాక్స్ మిషను నడిపే ఓబులయ్య అక్కణ్నుంచే మళ్లీ హెచ్చరించాడు. అతనిదీ కడప జిల్లానే.

"అడిగితే అరబ్బీలో రాయీ అను జమాలన్నా. గొర్రెలు కాస్తా, జిరాక్సుకొచ్చినా అను. అంతే."

"గొర్రెను దగ్గర్నుంచి చూసిందే బక్రీదుకు గదరా."

"నవ్వించొద్దు. ఏదీ, ఒక్కసారి చెప్పు."

"రాయీ."

సాయంత్రం అసర్ నమాజుకు ముందు తనిఖీవాళ్లు ఇద్దరు వచ్చారు. గదమాయించలేదు. భయం లేదు, బయటికి రమ్మన్నారు. ఆ మాటకే జమాలుద్దీన్ దిగ్గున లేచాడు. చేతిలోది ఎక్కడ పెట్టాడో తెలియలేదు. ఏం పని చేస్తావని అరబ్బీలో అడిగారు. ఓబులయ్య నేర్పిన మాట వెతుక్కుంటుంటే, నోట్లోంచి వేరేది వచ్చింది.

"ముజల్లిద్."

పుస్తకాలు కుట్టేవాణ్ణి. నమ్ముతారో లేదోనని రెండు చేతులూ చాపి, మెరిసే వేళ్లు చూపించాడు.

అధికారి వేళ్లు చూశాడు, కార్డు చూశాడు. చెప్పులు వేసుకోనిచ్చారు. వీధిలో బండి తలుపు పడింది.

చాలాసేపటికి ఓబులయ్య వెనకగదిలోకి వెళ్లాడు. పుస్తకం మెర్వ్ దగ్గర తెరిచి ఉంది. కాగితంలో సగం దిగిన సూది, దానికి దారం.