నలభై పెట్టెలకు ఒకే కొలత

తేజేశ్వర్ మా కంపెనీలో చేరిన మూడో నెలకే వాడి నవ్వు కూడా నాకు గిట్టకుండా పోయింది. కడపలో, దూరంగా ఉన్న కంప్యూటర్లను తీగ లేకుండా కలిపే వైర్‌లెస్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. వాటిలోని చిప్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ నేను రెండేళ్లు తల బద్దలు కొట్టుకుని రాసిందే. ఆ ఏడాది, 2008లో, కర్నూలులో కొత్త ఆఫీసు తెరుస్తున్నారు. దానికి అధిపతిగా నన్నే పంపుతారనుకున్నాను. మా యజమాని వేణుగోపాల్ గారు మాత్రం నోరు తెరిస్తే తేజేశ్వర్ పేరే ఎత్తేవారు.

మైదుకూరు పసుపు గోదాములకు నలభై పెట్టెలు పంపాల్సి వచ్చింది. ఒక్కొక్కదానిలో విడివిడిగా సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి నేను మొత్తం మూడు రోజులు అడిగాను. ఒక పెట్టె మెమరీ మొత్తం తీసి మిగతావాటిలోకి దించితే పూటలో అయిపోతుందన్నాడు తేజేశ్వర్. వేణుగోపాల్ గారు వాడి భుజం తట్టారు.

ఏ రెండు చిప్‌లూ ఒక్కలా ఉండవు. ఒకటి గట్టిగా పలుకుతుంది, ఒకటి మెల్లగా. అందుకే తయారైన చోటే ఒక్కోదాన్ని కొలిచి, ఆ అంకెలను ఆ పెట్టె మెమరీలోనే ఒక మూల రాసిపెడతారు. పెట్టె వెలగగానే డ్రైవర్ వాటిని చదివి చిప్‌కు అందిస్తుంది. తేజేశ్వర్ మూడో పెట్టె నింపుతుండగా వాడి కంప్యూటర్ తెర చూశాను. ఆ మూలను కూడా తుడిచి, మొదటి పెట్టె అంకెలే రాసేస్తున్నాడు. బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ పనిచేస్తాయి. దూరం పెరిగితేనే లోపం బయటపడుతుంది.

ఒక్క మాట అంటే ఆగేవాడు. అనలేదు. మైదుకూరులో వాడి పరువు పోతే చూడాలనిపించింది. టీకి వెళ్లిపోయాను.

వారానికి పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. రోడ్డవతలి గోదాముకు కూడా సిగ్నల్ అందలేదట. తేజేశ్వర్ వెతికి వెతికి తన పొరపాటు తానే పట్టుకుని, వేణుగోపాల్ గారికి చెప్పాడు. ఆయన అంగట్లో పెరిగిన మనిషి. ఖాళీ తక్కెడ ఒరగకుండా తేలిక పళ్లేనికి కట్టే రాయిని పాసంగం అంటారు.

"ఏ తక్కెడ పాసంగం ఆ తక్కెడకే కదప్పా," అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగారు. "ఇన్నేండ్లు చూస్తాండావు, నీకూ తెలీలేదా సుధీర్?"

నేను నోరు తెరిచేలోగా తేజేశ్వర్ అడ్డుపడ్డాడు. "అన్న చూసుంటే ఆపకుండా ఉంటాడా సార్? తప్పు నాదే."

ఊరికే ఉంటే చాలు, కర్నూలు నాదే. కానీ వాడి ముఖంలో అనుమానమన్నది లేదు. ఒక మనిషిని అంతలా నమ్మడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. దానికి కూడా వాడి మీద అసూయే పుట్టింది.

"చూసినా సార్," అన్నాను. "మూడో పెట్టె కాడే చూసినా. కావాలనే చెప్పలే."

వేణుగోపాల్ గారు లేచి బయటికి వెళ్లిపోయారు. తేజేశ్వర్ తల వంచుకునే ఒక పెట్టెను ముందుకు లాక్కున్నాడు.

"ఆ స్క్రూడ్రైవర్ ఇట్ల ఇయ్యండి, సుధీర్ సార్," అన్నాడు. అంతవరకూ వాడు నన్ను అన్నా అని తప్ప పిలవలేదు.