ఎనిమిది కవర్లు

గుడ్ ఫ్రైడే పొద్దున్నే మాణిక్యమ్మకి గుండె జారిపోయింది. మూడు గంటల ఆరాధన అయ్యాక ఉపవాసం విడిచే రెండు వందల మందికీ ఈ ఏడు నిమ్మరసం తనదేనని స్త్రీల సమాజంలో గొప్పగా చెప్పింది. చెప్పదూ మరి? ఏప్రిల్లో రసమున్న నిమ్మకాయ దొరకడమే గగనం. ఆవిడ జనవరిలోనే, మైలవరం నుంచి తమ్ముడు పంపిన సంచెడు కాయలు పిండి, ఐసు ట్రేలలో గడ్డ కట్టించి, ముక్కల్ని కవర్లలో మూటగట్టి ఫ్రీజరులో దాచింది. అంత ముందుచూపు వించిపేట మొత్తంలో ఇంకెవరికీ లేదని ఆవిడ నమ్మకం.

ఎనిమిది కవర్లూ బయటికి తీశాకగానీ అసలు సంగతి గుర్తుకు రాలేదు. ఆ రోజు పిండీ పిండీ వేళ్లు మండిపోతుంటే, చివరి కాయల్ని తొక్కా గింజా చూడకుండా మిక్సీలో తిప్పి వడకట్టేసింది. అది చేదెక్కే ఉంటుంది. ఏ కవరులో వేసిందో మాత్రం తెలియదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

రుచి చూద్దామంటే ఉపవాసం. నాలిక మీద వేసుకుని ఉమ్మేస్తే ఏం పోయిందనిపించింది గానీ, ఆ ఆలోచనకే సిగ్గుపడింది. చర్చిలో ఎవరినడిగినా ఉపవాసమే. సిలువ దగ్గర ప్రభువుకి చేదు కలిపిన ద్రాక్షారసం ఇచ్చారని చదివే రోజునే మాణిక్యమ్మ సంఘమంతటికీ చేదు పోసిందంటే, ఆ మాట ఆవిణ్ణి సమాధి దాకా వదలదు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు పిట్టగోడ అవతల బట్టలు ఆరేస్తూ పక్కింటి కుల్సుం కనబడింది. మొన్న రంజాన్ నెలలో కుల్సుం రోజూ సాయంత్రం గంజి గిన్నె ఆ గోడ మీద పెట్టి, తను ఉపవాసం కాబట్టి ఉప్పు చూడమని పిలిచేది. మాణిక్యమ్మ విసుక్కుంటూనే నెలంతా చూసిపెట్టింది.

"కుల్సుం, ఇవాళ నీ నాలిక కావాలి నాకు," అంది.

కుల్సుం చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. చక్కెర వేస్తే చేదు తెలియదని వద్దంది. ఒక్కో కవరులోంచి ఓ ముక్క కరిగించి చెంచాతో ఇస్తుంటే చప్పరించింది. రెండు బాగున్నాయి. మూడోదానికి ముఖం చిట్లించేసరికి మాణిక్యమ్మకి ప్రాణం పోయినంత పనైంది. వట్టి పులుపేనట. ఆరోదాని దగ్గర ఆగి, మళ్లీ చప్పరించి, లేచి వెళ్లి ఉమ్మేసి వచ్చింది.

"ఇదేనక్కా. పారబోసెయ్యండి."

మిగతా రెండూ కూడా చూసి బాగున్నాయంది. మాణిక్యమ్మ పీట మీద కూలబడి కొంగుతో కళ్లొత్తుకుంది.

మూడు దాటాక చర్చి వరండాలో నిమ్మరసం డ్రమ్ము చూస్తుండగానే ఖాళీ అయింది. పాస్టరు సొలొమోనుగారు అడిగి మరీ రెండో గ్లాసు పుచ్చుకున్నారు. అందరి తర్వాత తాగిన మాణిక్యమ్మ, అంత హాయి ఈ మధ్య ఎరగననుకుంది.

కుల్సుం కోసం ఓ గ్లాసు దాచి తెచ్చింది. గోడ మీంచి అందిస్తే కుల్సుం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వద్దక్కా. పళ్లు పులిసిపోయి పొద్దున్నుంచీ ఒక్క మెతుకు నమల్లేకపోయాను. మీ ఉపవాసం నేనూ చేశాను."

మాణిక్యమ్మ లోపలికి వెళ్లి, తనకోసం కాచుకున్న గంజి గిన్నె తెచ్చి గోడ మీద పెట్టింది.

"ఉప్పు చూశాలే, తాగు," అంది.