కామా దగ్గర ఆగింది

మైలెన్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తాను ఇంట్లో ఒంటరిగా కుప్పకూలితే, గడియ పెట్టిన తలుపు వెనక పదినెలల పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినా రెండు రోజులదాకా ఎవరూ వచ్చి చూడరని. అందుకే స్నానానికి వెళ్లినా గడియ పెట్టదు. ఎవరైనా ఉన్నట్టుండి పలకడం మానేస్తే రోజులు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. తనతో కలిసి దూరం నుంచి పనిచేసే ముసలాయన దోన్ ఎలాదియో పలికి ఆ శనివారానికి పంతొమ్మిది రోజులు.

సాంతా ఫె ఊళ్లో, రైలుకట్ట పక్క గ్రంథాలయం వెనక గదిలో మైలెన్, ఆమె తోటివాళ్లు కమలోతెను కడతారు. కమలోతె అంటే వరదకు పరానా నదిలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క. వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్‌కూ అదే పేరు పెట్టుకున్నారు. ఎవరెవరో రాసి ఊరికే పంచిపెట్టిన సోర్సు కోడ్ తెచ్చి, నాలుగు వందల పైచిలుకు ముక్కల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టుకుంటూ పోతారు. ఆఫీసులు పారేసిన ముసలి కంప్యూటర్లు కూడా దానితో లేచి కూర్చుంటాయి. ఏడాదికి రెండుసార్లు కొత్తగా కట్టి, దేశంలోని చిన్న చిన్న గ్రంథాలయాలకూ బడులకూ పంపిస్తారు. మొత్తం కట్టడానికి ఆ గదిలోని యంత్రానికి మూడు రోజులు పడుతుంది. నడుమ ఒక్క ముక్క విరిగిందా, పైవన్నీ ఆగిపోతాయి.

ఈసారి అది మూడోసారి ఆగింది.

"మళ్లీ చచ్చిందా?" అన్నాడు ఒస్మార్, గుమ్మంలోంచే. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. చేతులకు ఎప్పుడూ నల్లటి జిడ్డు.

"మళ్లీ."

"అదే చోటా?"

"అదే చోట. రెండొందల పదకొండు."

"దాని అమ్మ కడుపు కాలా! ఇంతసేపట్లో నేను కొత్త ఫ్రిజ్ కనేవాణ్ణి."

మైలెన్ నవ్వలేదు. పిల్లకు పళ్లు వస్తున్నాయి. నాలుగు రోజులుగా తల్లీ పిల్లా సరిగా పడుకోలేదు. ఆ పిల్ల, మాల్వినా, ఆమె భుజం మీద చొంగ కారుస్తూ అప్పుడే కన్నుమూసింది. మైలెన్ రెండు వేళ్లు పిల్ల ముక్కు కింద పెట్టి ఊపిరి చూసుకుంది. తర్వాత తెర వైపు తిరిగింది.

బడి మానేసిన మైలెన్ ఈ పనిలోకి ఎలా వచ్చిందంటే, ఊరికే ఇస్తున్నారంటే కంప్యూటర్ కోసం వచ్చింది. ఇంటికి పోబుద్ధి కాక కూర్చుంది. కట్టుబడి నడుస్తుంటే చూస్తూ ఉండటం, ఆగితే ఎందుకాగిందో నోటుబుక్కులో రాయడం ఆమె పని అయింది. ఎలా చదవాలో నెలిదా టీచరు ఒక్క మాటలో నేర్పింది: "తెర మీద వంద తప్పులు కనిపిస్తాయి. చివరిది చూసి బెదిరిపోకు. పైకి వెళ్లి మొట్టమొదటిది పట్టుకో. అదే తల్లి. మిగతావన్నీ దాని పిల్లలు."

మైలెన్ పైకి, ఇంకా పైకి వెళ్లింది. తల్లి దొరికింది.

"టీచరుగారూ, ఇటు రండి. ఇది సున్నాతో భాగించిందట."

నెలిదా మాతె ఆకు టీ గిన్నె పట్టుకునే వచ్చింది. పొద్దుటి నుంచీ అదే ఆకు మీద నీళ్లు పోసి పోసి, అందులో రుచంటూ మిగల్లేదు. అయినా పీలుస్తూనే ఉంది. కళ్లద్దాలు నుదుటి మీది నుంచి దించి చదివింది. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ముందు నవ్వింది, ఆ తర్వాత కుర్చీలో కూలబడింది.

"కామా! రెండొందల పది ముక్కలు కట్టి కామా దగ్గర పడ్డాం."

"ఏం కామా?" అన్నాడు ఒస్మార్.

"అర ఎలా రాస్తావురా నువ్వు?"

"సున్నా, కామా, ఐదు."

"మనందరం అలాగే రాస్తాం. ఈ కోడ్ రాసినవాళ్లు కామా బదులు చుక్క పెడతారు. మన యంత్రానికి మనం మన భాష కాస్తెజానో నేర్పాం కదా, అది సున్నా చదివి, చుక్క దగ్గర ఇదేం గుర్తు అనుకుని ఆగిపోయింది. అర కాస్తా సున్నా అయింది."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు పడలేదు?" అంది మైలెన్.

పాత కట్టుబడులన్నీ దాచిపెట్టే ఉన్నాయి. మైలెన్ పిల్లను ఎడమ భుజానికి మార్చుకుని ఒక్కొక్కటే తెరిచింది. పోయినసారి కట్టినదాంట్లో ఆ ముక్క మొదట్లో ఒక పంక్తి ఎక్కువ ఉంది. కట్టినంతసేపూ నీ భాష మర్చిపో అని యంత్రానికి చెప్పే పంక్తి. అంతకుముందుదాంట్లోనూ ఉంది. దానికి ముందుదాంట్లోనూ. కొత్త కోడ్ వచ్చిన ప్రతిసారీ ఆ పంక్తి కొట్టుకుపోతుంది, వారం తిరక్కుండా ఎవరో మళ్లీ పెడుతున్నారు. పదకొండేళ్లలో ఇరవై రెండుసార్లు. పక్కన చిన్న వివరణ కూడా లేదు, పేరు మాత్రం ఉంది: ఎలాదియో.

ఈసారి కోడ్ వచ్చి మూడు వారాలు దాటింది. పంక్తి లేదు.

"ఆ పంక్తి పెట్టేయ్, ముందుకు పోతుంది," అన్నాడు ఒస్మార్. "సోమవారం బడికి పదహారు మెషీన్లు ఇవ్వాలి."

మైలెన్ పెట్టింది. ఒంటిచేత్తో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. రెండొందల పదకొండు దాటింది. రెండొందల పన్నెండు మొదలైంది. ఒస్మార్ చప్పట్లు కొడితే పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది.

"నీ చేతులు పడిపోనూ!" అంది మైలెన్. పిల్లను ఊపుతూనే అడిగింది, "ఆయన్ని ఎవరు వెళ్లి చూస్తారు?"

"ఎవర్ని?"

"దోన్ ఎలాదియోని."

ఆయన్ని వాళ్లలో ఎవరూ చూడలేదు, తన ఇల్లూ రేవూ కుక్కా గురించి మెయిళ్లలో రాసినదే తెలుసు. ఇక్కడికి చాలా దూరం, నది పాయలుగా చీలేచోట, డెల్టా లంకల్లో ఉంటాడు. ఒకప్పుడు పడవ ఇంజన్ల మెకానిక్. భార్య పోయాక ఒక్కడే. ఇంట్లో సిగ్నల్ ఉండదు, రేవు చెక్కల చివరిదాకా నడిస్తేనే మెయిల్ పోతుంది.

"అలిగి ఉంటాడు," అంది నెలిదా, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

"ఎందుకు అలుగుతాడు?"

నెలిదా ఊరికే ఆకు మీద నీళ్లు పోసింది. "నేనే రాశా. చెప్పకుండా ఎవరూ దేనిమీదా చెయ్యి వెయ్యకండి, మార్చిన ప్రతిదానికీ కారణం రాయండి అని. అందరికీ రాసినట్టే రాశా కానీ, ఆయన్ని ఉద్దేశించే. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది."

"ఎప్పుడు రాశారు?"

"పంతొమ్మిది రోజులైంది."



"అలిగితే మంచిదే టీచరుగారూ," అంది మైలెన్. "అలిగానని చెప్పమనండి. తిట్టమనండి. పలకాలి కదా!"

"ముసలాళ్లు అంతే, లావూ," అన్నాడు ఒస్మార్. పుల్లలా ఉండే మైలెన్‌ని ముద్దొస్తే అలాగే పిలుస్తాడు. "మా మావయ్య ఒక చేప దగ్గర గొడవై ఏడేళ్లు మాతో మాట్లాడలేదు."

"మీ మావయ్య బతికున్నాడని నీకు తెలుసు."

ఒస్మార్ జేబులోంచి ఫోను తీశాడు.

దోన్ ఎలాదియో ఎప్పుడో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశారు, మోగలేదు. మెయిల్ నాలుగోసారి రాశారు. వెళ్దామంటే రాత్రంతా బస్సు, ఆపైన పడవ. పిల్లకు జ్వరం వచ్చేట్టుంది. ఒస్మార్‌కు పని. నెలిదాకు తుంటి ఆపరేషన్ అయి రెండు నెలలు. ఎవరి కారణం వాళ్లకుంది, అన్నీ నిజమే. ఎవరూ రాకపోవడానికి అబద్ధాలు అక్కర్లేదని మైలెన్‌కు అప్పుడు తెలిసింది.

పిల్ల చేతికి బిస్కెట్ ముక్క ఇచ్చి, ఆమె కుర్చీ లాక్కుంది.

"టీచరుగారూ, మెషీన్ తెరవగానే మొదటి పేజీ వస్తుంది కదా, కొత్తగా ఏం మారిందో చెప్పేది. ఈసారి నేను రాస్తా."

"నువ్వా?"

"డెల్టా లంకల్లో బడులున్నాయన్నారు. మనది వాళ్లూ పెట్టుకుంటారన్నారు."

నెలిదాకు అర్థమైంది. "అది ఒకరి ఇంటి సంగతులు రాసే చోటు కాదమ్మా. వేలమంది చదువుతారు."

"అందుకే."

నెలిదా చాలాసేపు కళ్లద్దాలు తుడిచింది. అవి శుభ్రంగానే ఉన్నాయి. "రాయి," అంది చివరికి. "తప్పులుంటే దిద్దుతా."

"తప్పులే దిద్దండి."

రాయడానికి గంట పట్టింది. నెలిదా నాలుగు అక్షరాలు దిద్దింది, మాట ఒక్కటీ తియ్యలేదు. సోమవారం పదహారు మెషీన్లలోనూ, ఆ వారంలోనే కమలోతె చేరిన ప్రతిచోటా, తెర వెలగగానే ముందు ఇదే కనిపించింది:

"ఈ కమలోతెలో కొత్తగా మారింది చాలా ఉంది, అది రెండో పేజీలో చూడండి. మారకూడనిది ఒకటి మారింది, అది ఇక్కడ చెబుతున్నాం. కామా దగ్గర మీ మెషీన్ ఆగిపోకుండా పదకొండేళ్లుగా చూసుకున్న మనిషి దోన్ ఎలాదియో. ఎప్పుడూ చెప్పుకోలేదు, మేమూ అడగలేదు. ఆయన మాకు పలికి చాలా రోజులైంది. మా మీద కోపమైతే ఫర్వాలేదు, కోపంగానే ఉండమనండి. మీరు డెల్టాలో ఉంటే, లేదా సరుకుల పడవ నడిపేవాళ్లు మీకు తెలిసుంటే, ఎస్పెరా వాగులో రెండో మలుపు దాటాక స్తంభాల మీద పచ్చరంగు ఇల్లు ఆయనది, రేవు చెక్కల్లో మూడోది విరిగి ఉంటుంది, చూసి నడవండి. కుక్క అరుస్తుంది, కరవదట. తలుపు కొట్టండి. పలక్కపోతే వెనక్కి వెళ్లిపోకండి, తోసి లోపలికి వెళ్లి చూడండి."