పెళ్లిచూపుల్లో రోష్టి

ఆ ఏడు వజ్రపుకొత్తూరు దగ్గర తుపాను షెల్టర్లు కట్టించడానికి స్విట్జర్లాండు నుంచి వెరేనా అనే ఇంజనీరమ్మ వచ్చి, తిరుపతిరావు ఇంట్లో వీధిగది అద్దెకి తీసుకుంది. ఆయన కూతురు, పలాసలో డిగ్రీ చదివే అమ్ములే ఆమెకి తెలుగు నేర్పింది. అందుకే ఆమె కూడా ‘ఏటి’, ‘సూడు’ అనే మాట్లాడేది.

అమ్ములుకి పెళ్లిచూపులని తెలిసి, టిఫిను తనే చేస్తానని వెరేనా పట్టుబట్టింది. దాని పేరు రోష్టి. వాళ్లూరి రైతులు పొద్దున్నే తినేదట. ముందురోజు ఉడకబెట్టి ఉంచిన బంగాళాదుంపల్ని కొబ్బరి కోరాంతో కోరి, ఉప్పు కలిపి, నెయ్యి వేసిన ఇనప మూకుట్లో దిబ్బరొట్టెలా ఒత్తింది. పెళ్లివారికి దుంపలు పెడితే ఏమనుకుంటారోనని అమ్ములు తల్లి చిన్నమ్మి పొయ్యి చుట్టూ తిరుగుతూనే ఉంది.

పూండి నుంచి పెళ్లికొడుకు రమేష్, వాళ్లమ్మ పైడితల్లి వచ్చారు. అతను బోటింజన్లు బాగుచేస్తాడు. పైడితల్లి అడిగినవాటికి అమ్ములు జవాబులు చెబుతూనే ఉంది గానీ, రమేష్ తలెత్తలేదు, నోరు విప్పలేదు. ఇలాంటి మూగనోము మనిషితో బతకడమెలాగని అమ్ములు నీరుగారిపోయింది.

అంతలో వెరేనా గుమ్మంలోకి వచ్చింది. తెలుగు మాట అందక, మూకుడు బరువుగా ఉంది, తిరగెయ్యడానికి ఎవరైనా సాయం రావాలని ఇంగ్లీషులో చెప్పింది. అమ్ములుకి ఏం బుద్ధి పుట్టిందో, పెళ్లివారివైపు తిరిగింది.

“వాళ్ల దేశంలో దీన్ని పెళ్లికొడుకే తిరగెయ్యాలంట.”

వెరేనాకి ఆ ముక్క బాగానే అర్థమైంది. అయినా నవ్వు బిగబట్టుకుని, అవునన్నట్టు తలూపింది. తిరుపతిరావు తెల్లబోయాడు. పద్ధతంటే పద్ధతేనని పైడితల్లి కొడుకుని లేపి లోపలికి తోసింది.

వెరేనా చూపించినట్టే రమేష్ మూకుటి మీద కంచం బోర్లించి, గుడ్డతో పట్టుకుని గిర్రున తిప్పాడు. సగం రోష్టి కంచంలో పడింది. మిగతా సగం అతని కొత్త చొక్కా మీద పడింది. వెనకే వచ్చిన అమ్ములూ, పైడితల్లీ వంటింటి గుమ్మంలో ఆగిపోయారు.

అతను జేబు మీద అతుక్కున్న ముక్క తీసి, ఊదుకుని నోట్లో వేసుకున్నాడు. మొదటిసారి అమ్ములు మొహంలోకి సూటిగా చూశాడు.

“ఉప్పు సరిపోనేదు గానీ, సేనా బాగుంది. ఇంకోటి ఎయ్యమను, పడనివ్వను.”

అమ్ములుకి నవ్వాగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆమెని చూసి అతనూ, వాళ్లిద్దర్నీ చూసి పైడితల్లీ నవ్వారు. చిన్నమ్మి బెంగ తీరి, మిగిలిన దుంపలు కోరడానికి కూర్చుంది. రెండో రోష్టి చెక్కుచెదరకుండా, ఎర్రగా వేగి కంచంలోకి దిగింది. దాన్ని అల్లప్పచ్చడితో తలో ముక్కా తిన్నారు. తిరుపతిరావు ఇంకోటి వెయ్యమని అడిగాడు.

కబురు తరవాత చెబుతామని ఆయన మర్యాదకి అనబోతుంటే, అమ్ములు అడ్డుపడింది.

“నానా, నాకిట్టమే.”

పెళ్లివారు ఆటో ఎక్కేవరకూ పైడితల్లి వెరేనా చెయ్యి వదల్లేదు, పూండి వచ్చి తనకీ నేర్పమని. ఆ సాయంత్రం అమ్ములు ఏ పనికీ నిలవలేదు. వీధిలోకెళితే నవ్వు, లోపలికొస్తే నవ్వు.